నాలుగు భుజముల అణువు

ఆషాఢమేఘములు ఉస్మానియా ప్రాంగణముపై క్రమ్మి, తార్నాక వీధులు తడిసి, ప్రయోగశాల కిటికీ అద్దములపై చెమ్మ పేరుకొను దినములలో, నక్షత్రాకృతి పాలిమర్లను పెంచువారికి కలుగు ఆందోళన ఇతరులకు సులభముగ బోధపడదు. పెంటాఎరిత్రిటాల్ అను అణువునకు నాలుగు హైడ్రాక్సిల్ సమూహములు గలవు. దానికి కాప్రోలాక్టోన్‌ను, రవ్వంత టిన్ ఆక్టోయేటును చేర్చి, నైట్రోజన్ క్రింద, నూనెతొట్టిలో 120 డిగ్రీల వేడిమిని నిలిపినచో, కాప్రోలాక్టోన్ వలయములు ఒకటొకటిగ విచ్చుకొని, ఆ కేంద్రమునుండి నాలుగు భుజములై సాగును. అయితే, లోనికి చొరబడిన ప్రతి నీటి అణువును అట్లే ఒక గొలుసును ఆరంభింపగలదు. ఆ గొలుసు కేంద్రము లేనిది, తిన్ననిది. చల్లని మిథనాల్‌లో అవక్షేపించిన తెల్లని పొడిని చూచి, ఇందు తారలెన్ని, తిన్నని గొలుసులెన్ని యని ఎవరును చెప్పజాలరు. అందుచేతనే గాజుసామగ్రిని రాత్రియంతయు ఓవెన్‌లో ఉంచి, చల్లారకమునుపే వాక్యూమ్‌కు కలిపి, మోనోమరును కాల్షియం హైడ్రైడుపై ఆరబెట్టి స్వేదనము చేసిన పిమ్మటగాని పని మొదలిడరాదని విద్యార్థులకు చెప్పుచుందును. ఇది చాదస్తమని కొందఱనుకొందురు. నా దృష్టిలో ఈ విద్యకు పునాది ఇదియే.

1974లో నోబెల్ బహుమతి నందిన పాల్ ఫ్లోరీ, షెఫ్‌గెన్‌తో కలిసి 1948లోనే నాలుగు, ఎనిమిది భుజముల పాలిఅమైడులను నిర్మించి, వాని స్నిగ్ధతను కొలిచి ప్రకటించెను. మఱుసటి యేడు జిమ్, స్టాక్‌మేయర్‌లు గణించి చూపినదేమనగా, సమాన ద్రవ్యరాశిగల తిన్నని గొలుసుతో పోల్చినచో, నాలుగు సమభుజముల తారయొక్క భ్రమణవ్యాసార్ధపు వర్గము 0.625 వంతు మాత్రమే. ఈ సంకోచఫలితమును ఉబ్బెలోడ్ విస్కోమీటరులో కన్నులార చూడవచ్చును: నీటితొట్టిలో నిటారుగ నిలిపిన సన్నని గాజుగొట్టమున, ద్రావణపు అంచు పైగీతను దాటగనే గడియారము నొక్కి, క్రిందిగీతను దాటువఱకు ఱెప్పవాల్పక కనిపెట్టవలెను. సమాన ద్రవ్యరాశి, సమాన గాఢతలు గల రెండింటిలో తారద్రావణమే ముందుగ దిగిపోవును.

కరగిన ముద్దలో వ్యవహారము తాఱుమాఱగును. భుజములు పొడవై చిక్కుపడినపుడు, తిన్నని గొలుసు పామువలె తన దారిన జారిపోగలదు గాని, తారను దాని కేంద్రమే కట్టివేయును. ప్రతి భుజమును కేంద్రము వైపునకు ముడుచుకొని, వేఱొక దారిన మరల చాచుకొనవలసినదే. అందుచే భుజము పొడవుతో స్నిగ్ధత ఘాతాంకరీతిని పెరుగును. ఒక్క ఆకృతియే ద్రావణమున అంత చులుకనగను, కరగినపుడు ఇంత మొండిగను ఉండుటకంటె ఆశ్చర్యకరమైన విషయమును రసాయనశాస్త్రమున నేనెఱుగను.

1944లో నెలకొని, తార్నాక పెద్దలు నేటికిని పాతపేరున ఆర్.ఆర్.ఎల్. అనియే పిలుచు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో, ఆముదమునుండియు, బహుశాఖీయ పాలిమర్లనుండియు పాలియురిథేన్ పూతలు చేయు పరిశోధన జరిగినది. ఆముదపు అణువు గ్లిజరాల్ కేంద్రమునుండి మూడు భుజములు చాచిన సహజతార; పాలమూరు, నల్గొండ చెలకలకు అది పాత పంట. అయితే దాని భుజములన్నియు రిసినోలియిక్ ఆమ్లమువి కావు గావున, హైడ్రాక్సిల్ సమూహములు అణువునకు సగటున 2.7 మాత్రమే. ఆముదమునే కేంద్రముగ గైకొనదలచిన విద్యార్థి ఈ కొఱతను లెక్కలో చేర్చి, ప్రతి క్రొత్త డబ్బా నూనెకును హైడ్రాక్సిల్ విలువను తానే టైట్రేషన్ చేసి తేల్చుకొనవలెను.