నిర్జన మందిరాల ఛాయాచిత్రాలు

1838లో లూయీ డాగేర్ పారిస్ నగరంలో తన కిటికీనుండి జనసమ్మర్దం గల ఒక వీధిని చిత్రించినాడు. చిత్రంలో ఆ వీధి దాదాపు నిర్మానుష్యంగా కనబడుతుంది. ఫలకంపై వెలుగు కొన్ని నిమిషాలపాటు పడవలసి వచ్చినందువల్ల నడిచేవారి జాడ, బండ్ల జాడ దానిపై నిలువలేదు. బూట్లకు పాలిషు చేయించుకొంటూ కదలక నిలిచిన మనిషి మాత్రం స్పష్టంగా మిగిలినాడు.

ఆనాడు సాధనంలోని లోపంవల్ల ఏర్పడిన ఈ శూన్యతను, ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో కొందరు కళాకారులు బుద్ధిపూర్వకంగా ఎన్నుకొన్నారు. వారిలో కాండిడా హోఫర్, లిన్ కోహెన్ ముఖ్యులు. ఇద్దరూ 1944లో జన్మించినవారే. మొదటి ఆమెది జర్మనీ. రెండవ ఆమె అమెరికాలో పుట్టి, కెనడాలో స్థిరపడి, 2014లో మరణించినది.

హోఫర్ డుసెల్‌డార్ఫ్‌లో బెర్న్ట్ బెషర్ శిష్యురాలు. బెషర్ దంపతులు నీటి ట్యాంకులను, బ్లాస్టు ఫర్నేసులను బయటినుండి చిత్రించగా, హోఫర్ భవనాల లోపలికి ప్రవేశించినది. 1970 దశకంలో ఆమె జర్మనీలోని తుర్కీ కార్మికులను చిత్రించినది. తరువాత గ్రంథాలయాలు, మ్యూజియములు, నాటకశాలలు ఆమెకు వస్తువులైనాయి. మనుషులు లేనప్పుడే ఒక స్థలం వారిని ఎట్లా నడిపిస్తుందో బాగా తెలుస్తుందని ఆమె అభిప్రాయం.

ఒక అంశాన్ని తొలగించి తక్కినవాటిని పరిశీలించడం ప్రయోగశాలలో విద్యార్థులు ఎరిగిన పద్ధతే. ఇక్కడ తొలగించిన అంశం మనిషి. దీనికి కాంతిశాస్త్రం కూడా తోడ్పడుతుంది. గది ఈ కొసనుండి ఆ కొసవరకు స్పష్టంగా రావాలంటే కటకద్వారాన్ని చిన్నది చేయాలి. ద్వారపు వ్యాసాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే ప్రవేశించే వెలుగు పదహారో వంతవుతుంది. కనుక 16 రెట్లు కాలం పడుతుంది. అంతసేపు కదలక నిలిచేవి బల్లలు, కుర్చీలే గాని మనుషులు కారు.

కోహెన్ 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు గల ఫిల్ముతో తరగతి గదులను, ప్రయోగశాలలను, కాల్పుల అభ్యాసశాలలను చిత్రించినది. అంత పెద్ద ఫిల్ముపై గోడలోని మేకు సయితం దాగదు. ఆమె చిత్రాలు కల్పించిన రంగస్థలాలవలె తోచినా, అవి నిజమైన గదులే. కొన్నింటిలో మనిషికి బదులు మనిషి ఆకారపు బొమ్మ ఉంటుంది. చూపరి ముందు నవ్వుతాడు. పిదప, ఆ గదిలో మనిషికి నేర్పేది ఏమిటని కలవరపడతాడు.

గుణదోషాలను తూచి చూస్తే, హోఫర్ చిత్రాలలో మందిరాల వైభవం ఒక్కొక్కప్పుడు ప్రశ్నను మింగివేస్తుంది. ఎత్తైన పుస్తకాల బీరువాలను చూసి ముగ్ధుడైన చూపరికి, వాటిపై దుమ్ము దులిపేవారు జ్ఞప్తికి రారు. కోహెన్ ఈ ఆకర్షణకు లొంగలేదు. ఆమెది పదునైన దృష్టి. కాని ఆమె తన చిత్రాలకు “ప్రయోగశాల”, “తరగతి గది” వంటి పేర్లే పెట్టినది, స్థలం చెప్పలేదు. అందువల్ల ఆ గది ఏ దేశంలోనైనా ఉండవచ్చునన్న భయం చూపరికి కలుగుతుంది. ఇది కళకు లాభం. అయితే స్థలకాలాలు లేని పరిశీలన శాస్త్రానికి సాక్ష్యం కాజాలదు. ఇది నష్టం.

కర్మాగారపు ఛాయాచిత్రం ఆ కర్మాగారాన్ని గురించి దాదాపు ఏమీ చెప్పదని జర్మన్ నాటకకర్త బ్రెఖ్ట్ వాదించినాడు. వాల్టర్ బెన్యమిన్ 1931లో ఛాయాచిత్రణపై వ్రాసిన వ్యాసంలో ఆ వాదాన్ని ఉదాహరించినాడు. అది నిర్జన చిత్రాలకు మరింత గట్టిగా వర్తిస్తుంది. ఈ ఇద్దరి కృషి ఆ వాదానికి సగం సమాధానం మాత్రమే. కుర్చీల వరుసనుబట్టి అక్కడ ఎట్లా కూర్చోవాలో, ఎటు చూడాలో గ్రహించవచ్చును. అందులో ఎవరు కూర్చున్నారో, ఎంత జీతానికి కూర్చున్నారో తెలియాలంటే హాజరుపట్టీని, జీతాల చిట్టాను తెరవవలసిందే.