నీలం లైటు ఎవరి మాట చెబుతుంది?

నాగోల్ డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ దగ్గర లైసెన్సు కోసం వచ్చినవాళ్ల మాటలు వినండి. అంతా 'ఎనిమిది' గురించీ, 'హెచ్' గురించే. కాలు కింద పెట్టకుండా ఎట్లా తిప్పాలి, రివర్స్‌లో గీత దాటకుండా ఎట్లా రావాలి అనే బెంగే. మీటర్‌లో వెలిగే చిన్న బొమ్మల గురించి అడిగేవాళ్లు కనపడరు.

బొమ్మలు కష్టమైనవేమీ కావు. చెరోవైపుకు తిరిగిన రెండు దీపాలు ఆకుపచ్చగా వెలిగితే పార్కింగ్ లైట్లు. గీతలు కిందికి వాలితే లో బీమ్, అదీ ఆకుపచ్చే. గీతలు తిన్నగా ఉండి నీలంగా వెలిగితే హై బీమ్. ఐఎస్ఓ 2575 ప్రమాణం పుణ్యమా అని ఏ దేశపు కారెక్కినా దాదాపు ఇవే గుర్తులు.

అయితే మామూలు బండ్లలో ఆ నీలం లైటు బల్బును చూడదు, స్విచ్చును చూస్తుంది. హై బీమ్ వైరులో కరెంటు పారగానే అందులోంచి ఒక పాయ మీటర్‌కు వస్తుంది. ముందు బల్బుల ఫిలమెంట్లు రెండూ తెగిపోయినా నీలం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. ఆఫీసులో అర్జీ ఇస్తే చేతికొచ్చే రసీదు లాంటిదన్నమాట. కాగితం అందింది, పని సంగతి వేరు.

ఉన్నవాటిలో నిజాయితీపరురాలు ఇండికేటరే. కారులో ఒక్కో వైపు ముందొకటి, వెనకొకటి 21 వాట్ల బల్బులుంటాయి. ఒక్కోటి 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఒకటి మాడిపోతే ఆ లోటు లైట్లను కొట్టించే ఫ్లాషర్‌కు తెలిసిపోతుంది, 'టిక్కు టిక్కు' కాస్తా 'టికటికటిక' అవుతుంది. నిబంధన ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. చెవికి తొందర వినిపించిందంటే దిగి చూడాల్సిందే.

పాత బైకుల్లో ఇంకో తమాషా ఉంది. రెండు వైపులకూ కలిపి మీటర్‌లో ఒకే ఇండికేటర్ లైటు. దాని ఒక కాలు ఎడమ వైరుకు, ఇంకో కాలు కుడి వైరుకు. ఎడమకు వేస్తే కరెంటు ఆ లైటు గుండా కుడివైపు బల్బుల్లోకి వెళ్లి ఎర్త్ అవుతుంది. అంత చిన్న కరెంటుకు 10 వాట్ల ఫిలమెంటు కిమ్మనదు. ఎర్త్ వైరు మిగిల్చిన ఆ బుర్రకు దండం పెట్టాలి! కానీ కుర్రాళ్లు ఎల్ఈడీలు వేయిస్తారు. వాటికి ఆ పిసరంత కరెంటే చాలు. ఎడమకు వేస్తే నాలుగూ కొట్టుకుంటాయి. "ఎల్ఈడీలు ఏపిచ్చినవా అన్నా? గందుకే" అంటాడు ఎలక్ట్రీషియన్. రెండు డయోడ్లతో పని అయిపోతుంది.

2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు పగలూ రాత్రీ హెడ్‌లైటు వెలగాల్సిందే. అంతకుముందు పట్టపగలు లైటు వెలుగుతుంటే ఎదురొచ్చేవాళ్లు వేళ్లు ముడిచి తెరిచి సైగ చేసేవాళ్లు. ఇప్పుడు ఆ సైగకు అర్థమే పోయింది, పాపం.

కార్లది వేరే జబ్బు. పాత కార్లలో లైట్లు వేస్తేనే మీటర్ వెలిగేది. చీకటిగా ఉంటే స్విచ్చు గుర్తొచ్చేది. కొత్తవాటిలో తెర ఎప్పుడూ వెలుగే, ముందు పగటి లైట్లు (డీఆర్ఎల్‌లు) వెలుగుతూనే ఉంటాయి. మెట్రో పిల్లర్ల వెంట వీధి దీపాలు ఎటూ ఉంటాయి. నాగోల్ నుంచి ఉప్పల్ దాకా వెనక ఎర్రలైట్లు లేకుండా హాయిగా వెళ్లిపోయే కార్లు రోజూ కనిపిస్తాయి. మీటర్‌లో ఆకుపచ్చ బొమ్మ లేదని చూసుకోరు.

బ్రేక్ లైటుకైతే చాలా బండ్లలో మీటర్‌లో గుర్తే ఉండదు. రాత్రి మూసిన షట్టర్‌కు వెనకవైపు పెట్టి పెడల్ తొక్కి, అద్దంలో ఎరుపు పడిందో లేదో చూసుకోవచ్చు. షట్టర్ దొరక్కపోతే టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లను అడగడమే: "అన్నా, జర బ్రేక్ లైట్లు రెండూ వస్తున్నయా చూడు?"