దొరకని పుస్తకాల లెక్క

మన విమర్శ రచయిత దృక్పథాన్ని చర్చించింది, వస్తుశిల్పాలను చర్చించింది. పుస్తకం పాఠకుడి చేతికి చేరిందా లేదా అన్న ప్రశ్నను మాత్రం పుస్తక విక్రేతలకు వదిలేసింది. 'ప్రజాసాహిత్యం' అన్న మాటను ఇన్నేళ్లుగా వాడుతున్న మనకు ఇది చిన్న లోటు కాదు.

ఈమధ్య ఓ ఆదివారం కొందరు గ్రంథపాలకులం కలుసుకున్నాం. అధ్యక్షుడు లేడు, శాలువాలు లేవు, తీర్మానాలు అసలే లేవు. మొదటి గంట ఖాళీ ఉద్యోగాల మీదా, వసూలై కూడా గ్రంథాలయాలకు చేరని సెస్సు మీదా గడిచింది. ఇరవయ్యేళ్లుగా వింటున్న మాటలే. అప్పుడు ఒక పల్లెటూరి గ్రంథపాలకురాలు నోటుపుస్తకం తీశారు. ఇచ్చిన పుస్తకాల లెక్క మేమందరం రాస్తాం. ఆవిడ రాస్తున్నది, పాఠకులు అడిగినా ఇవ్వలేకపోయిన పుస్తకాల లెక్క!

పోటీపరీక్షల పుస్తకాలే ఎక్కువ, నిజమే. కాని ఒకచోట, "బీడీలు చుట్టే ఆమె - మా పని మీద కథలున్నాయా అని అడిగింది" అని ఉంది. పేరు తెలియని పుస్తకాన్ని అడిగిన ఆ పాఠకురాలికి జవాబు చెప్పవలసింది గ్రంథపాలకుడు ఒక్కడేనా? విమర్శకుడు కాదా? ఆ ప్రశ్న మీద సాయంత్రం దాకా వాదించుకున్నాం. నా ఉద్యోగం మీద నాకు మళ్లీ ఆసక్తి పుట్టింది ఆ వాదనలోనే.

అడిగినది ఇవ్వడమే మన పని, సలహా చెప్పడం కాదు అన్నాడొక మిత్రుడు. నేను ఒప్పుకోను. 1931లో రంగనాథన్ చెప్పిన అయిదు సూత్రాలలో పాఠకుడికి పుస్తకం దొరకాలన్నది ఎంత ముఖ్యమో, పుస్తకానికి పాఠకుణ్ణి వెతకాలన్నదీ అంతే ముఖ్యం. 1914లో బెజవాడ సభతో సంఘటితమైన మన గ్రంథాలయోద్యమం పాఠకుడు వచ్చేదాకా కూర్చోలేదు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి పుస్తకాలను పడవమీద కాలువగట్టు పల్లెలకు పంపారు. ఆ ఉద్యమ నాయకత్వానికి వర్గ, కుల పరిమితులు లేకపోలేదు. అది వేరే చర్చ. ఆ పడవకున్న చొరవ మన సమీక్షలకు లేదన్నదే నా ఫిర్యాదు. సమీక్ష రాసేది తోటి రచయిత, చదివేదీ తోటి రచయితే.

మా గ్రంథాలయంలోనూ అలాంటి నోటుపుస్తకం పెట్టాను. మొదటి వారం పదకొండు పుస్తకాలు అందులోకెక్కాయి. వాటిలో మూడు మన అభ్యుదయ రచయితలవే. ఆ మూడూ ఇప్పుడు ముద్రణలో లేవు.