విప్పకుండా చెప్పే మేస్త్రి

లారీ షెడ్డులోకి వచ్చి ఆగీ ఆగకముందే పానా పట్టుకుని కిందికి దూరే కుర్రాళ్ళంటే ఈ మేస్త్రికి గిట్టదు. "ముందు డ్రైవర్ని మాట్లాడనివ్వండ్రా" అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడే హెల్పరుగా చేరి, పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు వేసుకున్న మనిషి. అరవై దాటాయి. ఇంజన్ దించడం, గేర్‌బాక్స్ ఎత్తడం లాంటి బరువు పనులు ఇప్పుడు శిష్యులవి. బండి రాగానే డ్రైవర్ని కూర్చోబెట్టి అడిగే పని మాత్రం ఇంకొకరికి వదలరు.

అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. ఈ రోగం ఎప్పుడు మొదలైంది? లోడు మీదా, ఖాళీగా ఉన్నప్పుడు కూడానా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాకనా? గేరులో ఉంటే వస్తోందా, క్లచ్ తొక్కితే పోతోందా? ఆఖరున ఒకటి తప్పకుండా అడుగుతారు: "ఈమధ్య దీని మీద ఎవరైనా చెయ్యేశారా తమ్ముడూ?" ఈ ప్రశ్నకు డ్రైవర్లు కాస్త నసుగుతారు. నిజం మాత్రం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పది రోజుల క్రితం ఎక్కడో పైపు మార్చి క్లిప్పు సరిగ్గా బిగించకపోతే ఇవాళ ఇంజన్ మూలుగుతుంది.

పది చక్రాల బండి ఒకటి వచ్చింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద తోలే బండి. పికప్ లేదు, ఎత్తు వస్తే ఈడ్చుకుంటోంది, పొగ నల్లగా వదులుతోంది. పంపు, నాజిళ్ళు విప్పి సర్వీసు చేయించాల్సిందేనని దారిలో ఎవరో చెప్పారట. అది వేలల్లో తేలే పని. మేస్త్రి డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడి, రేస్ ఇవ్వమని, చెవి ఒగ్గి విని, నేరుగా ఎయిర్ ఫిల్టరు దగ్గరికి వెళ్ళారు. మూత తీసి చూస్తే మడతల మధ్య సిమెంటు పూసినట్టు బూడిద గట్టిపడి ఉంది. డీజిల్ సరిపడా పడుతోంది, కాల్చడానికి గాలే అందడం లేదు. కొత్త ఫిల్టరు వేసి, గాలి గొట్టం లోపల వేలు పెట్టి తుడిచి చూశారు. వేలికి దుమ్ము అంటలేదు, టర్బోకి ముప్పు లేదన్నమాట. బండి గంటలో వెళ్ళిపోయింది. డ్రైవరు ఫిల్టరు ఖరీదు, కుర్రాడి కూలీ ఇచ్చాడు. జబ్బు కనిపెట్టినందుకు మేస్త్రికి వచ్చింది ఒక టీ.

ఈ వృత్తిలో అన్యాయం ఇక్కడే ఉంది. డాక్టరు మందు రాయకుండా "ఏమీ లేదు, వెళ్ళండి" అన్నా ఫీజు ఇచ్చి వస్తాం. మెకానిక్కుకు మాత్రం విప్పిన బోల్టులకు, మార్చిన సామానుకు లెక్కగట్టి ఇస్తాం. అనవసరంగా విప్పేవాడికి ఎక్కువ డబ్బు, విప్పకుండా చెప్పగలిగేవాడికి తక్కువ. ఇలాంటి లెక్క ఉన్నంతకాలం మంచి మేస్త్రి మంచితనం మీదే బండి నడవాలి.

పొగ రంగు చూసి జబ్బు చెప్పడం పాత విద్యే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలం రంగు కలిస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది: రింగులో, వాల్వు సీళ్ళో, టర్బోనో చూడాలి. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు తెల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందంటే అందులో నీళ్ళు కలిసినట్టే, అక్కడే ఆపేయాలి.

ఆటోనగర్‌కి ఇన్ని బండ్లు రావడానికి ఊరి ఉనికే కారణం. చెన్నై–కోల్‌కతా దారి, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం వెళ్ళే దారి ఇక్కడ కలుస్తాయి. 1960ల్లో ఊరికి దూరంగా మొదలైన ఈ నగర్ చుట్టూ ఇప్పుడు ఊరే పెరిగింది. కమాన్ పట్టీలు కొట్టేవాళ్ళు ఒక వీధి, రేడియేటర్ల వాళ్ళు ఒక వీధి, లేత్ పనులు, బాడీ బిల్డింగ్, సీట్లు కుట్టేవాళ్ళు, పెయింటర్లు. ఒక బండికి నాలుగు షెడ్ల పని ఉంటే నాలుగూ నడిచి వెళ్ళే దూరంలో దొరుకుతాయి. మేస్త్రి గురువు పని నేర్చుకున్నది టాటా, బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన లారీల మీద. 1954లో కుదిరిన ఆ పొత్తు 1969 దాకా సాగింది. ఆ తరం చేతుల్లో నేర్చుకున్న చెవి, ఈ తరం ల్యాప్‌టాప్ పక్కన కూడా పనిచేస్తోంది.

ఆయన డ్రైవర్లకు ఇచ్చే సలహాల్లో సగం బ్రేకుల గురించే. పొద్దున్నే ఎయిర్ ట్యాంకు కింద ఉన్న వాల్వు లాగి నీళ్ళు వదలాలి. కంప్రెసర్ గాలితో పాటు తేమను కూడా నొక్కుతుంది. ఆ తేమ నీరై ట్యాంకు అడుగున చేరి, వాల్వుల్లోకి వెళ్ళి, తుప్పుకు దారి తీస్తుంది. అర నిమిషం పని. తర్వాత ప్రెషర్ నిండాక ఇంజన్ ఆపి, బ్రేకు తొక్కి పట్టుకుని గేజి ముల్లు చూడాలి. ముల్లు దిగుతుంటే ఎక్కడో లీకు ఉంది. ఇప్పటి లారీల్లో గాలి బాగా పడిపోతే స్ప్రింగు బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. బండి నడిరోడ్డు మీద కదలకుండా నిలబడిపోతే తిట్టుకుంటారు గానీ, నిలబడింది కాబట్టే బతికారని మేస్త్రి గుర్తుచేస్తారు.

ఘాట్‌లో న్యూట్రల్ మాట ఎత్తితే మాత్రం ఆయన గొంతు మారిపోతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడైనా, అనంతగిరి ఘాట్‌లోనైనా, డీజిల్ మిగులుతుందని గేరు తీసేసి బండిని వదిలేవాళ్ళు ఉన్నారు. గేరు తీస్తే ఇంజన్ పట్టు పోతుంది. అంత బరువునూ బ్రేకు లైనింగులే మోయాలి. డ్రమ్ములు కాలిపోయి, లైనింగులకు పట్టు తగ్గి, పెడలు తొక్కినా బండి ఆగదు. పైగా లాభం ఉందనుకుంటున్న ఆ డీజిల్ కూడా మిగలదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజన్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ పడటం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్లో ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. "ఎక్కిన గేరులోనే దిగు నాయనా, ఎగ్జాస్ట్ బ్రేకు వాడు, తొందరపడకు" అని ఆయన చెప్పని డ్రైవరు లేడు.

టైర్ల విషయానికి వస్తే, వెనక జంట టైర్లలో లోపలిది ఎవరూ చూడరు. అందులో గాలి తగ్గితే బరువంతా బయటి దాని మీద పడుతుంది, రెండూ వేడెక్కుతాయి. టీకి ఆగినప్పుడల్లా రాడ్డుతో తట్టి చప్పుడు వినాలి. గాలి ఉన్న టైరు ఖంగుమంటుంది, లేనిది దొప్పుమంటుంది. అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగాన్ని హబ్బుకు దగ్గరగా పెట్టి చూడాలి. నాలుగు హబ్బుల్లో ఒకటే సెగలు కక్కుతుంటే బేరింగో, పట్టేసిన బ్రేకో. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్లు వెళ్ళి నట్లు మళ్ళీ బిగించాలి. నట్టు చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే అది వదులైనట్టు. బటన్లు 1.6 మిల్లీమీటర్ల కంటే అరిగితే చట్టం కూడా ఒప్పుకోదు. వానాకాలంలో అంతదాకా ఆగడం కూడా తప్పే.

ఓవర్‌లోడ్ గురించి ఓనర్లతో ఆయనకు పాత తగాదా. 2018లో కేంద్రం రెండు యాక్సిళ్ళ లారీ మొత్తం బరువును 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, మూడు యాక్సిళ్ళ బండికి 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. అది చాలక ఇంకా మోయించడానికి కమాన్ కట్టలో ఒక పట్టీ ఎక్కువ వేయమని వస్తారు. పట్టీ వేస్తే బండి వంగడం తగ్గుతుంది, బరువు తగ్గదు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు మునుపటి లాగే ఉంటాయి. ఓనరు కంటికి బండి నిటారుగా కనిపిస్తుంది కాబట్టి ఇంకో టన్ను వేస్తాడు. ఆ పని ఈ షెడ్డులో చేయరు. పక్క షెడ్డులో చేస్తారని తెలిసినా చేయరు. ఆ మొండితనం ముందు బేరం సాగదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయాయి. ఆటోలు, బైకులు, కార్లు, గూడ్సు బండ్లు వీధుల్లోనే మునిగాయి. ఆ వారం మేస్త్రి ఫోను మోగుతూనే ఉంది. అందరికీ ఒకటే మాట: "నీళ్ళు తీసినా సరే, స్టార్ట్ చేయొద్దు. తాళం చెవి ఇంట్లో పెట్టేయండి." డీజిల్ ఇంజన్ గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కితే ఆ వేడికి డీజిల్ అంటుకుంటుంది. నీటిని అలా నొక్కడం కుదరదు. సిలిండర్లో నీళ్ళుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వెళ్ళలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా తుడిచి ఆరబెడితే పోయేది, ఆ ఒక్క తాళం తిప్పుతో ఇంజన్ మొత్తం దించే పని అవుతుంది. మామూలు ఇన్సూరెన్సు పాలసీలో అలాంటి నష్టం దగ్గర పేచీలూ వస్తాయి.

మాట విన్నవాళ్ళ బండ్లు తోసుకుని షెడ్డుకి తెచ్చారు. ముందు బ్యాటరీ వైర్లు పీకాలి. ఆయిల్ సంపు బోల్టు కొంచెం వదులు చేస్తే నీళ్ళు అడుగున ఉంటాయి కాబట్టి ముందు అవే కారతాయి, తర్వాత నల్లటి ఆయిల్ వస్తుంది. నాజిళ్ళు తీసి, ఇంజన్ను చేత్తోనే మెల్లగా తిప్పారు. ఒక గూడ్సు బండిలో రెండో సిలిండరు రంధ్రం నుంచి బురద నీళ్ళు చిమ్మి శిష్యుడి చొక్కా తడిసిపోయింది. మేస్త్రి ముఖం అప్పుడు వెలిగిపోయింది. ఆ నీళ్ళు బయటికి వచ్చాయంటే రాడ్డు నిలబడినట్టే. డీజిల్ ట్యాంకు అడుగు ఖాళీ చేశారు, గేర్‌బాక్స్, హౌసింగ్ ఆయిళ్ళు మార్చారు, సెల్ఫ్ మోటారు విప్పి ఎండబెట్టారు. ఆ బండి ఇప్పటికీ కూరగాయలు తోలుతోంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్–6 కాలుష్య ప్రమాణాల బండ్లతో పని తీరు మారింది. మేస్త్రి కోడ్ రీడరు పట్టడం శిష్యుడి దగ్గరే నేర్చుకున్నారు, అది చెప్పుకోవడానికి ఆయనకు గర్వం. పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. ఖర్చు కలిసొస్తుందని ఎరువు యూరియా కలిపి పోసేవాళ్ళు పంపునూ, ఇంజెక్టరునూ, ఆ తర్వాత క్యాటలిస్టునూ పాడు చేసుకుంటున్నారు. ల్యాప్‌టాప్ సెన్సరు పోయిందని చూపించినప్పుడు కూడా ఆయన వెంటనే సెన్సరు మార్చరు. ముందు వైరు వెంట వేలితో తడుముతూ వెళతారు. ఎలుక కొరికిన చోటో, నీళ్ళు చేరిన కనెక్టరో దొరికితే అక్కడితో సరి. యూరియా వ్యవస్థనే తప్పించే పరికరం పెట్టమని అడిగేవాళ్ళను గుమ్మం దగ్గరే పంపించేస్తారు.

రోజు ఎలా గడుస్తుందంటే, తొమ్మిదింటికి షెడ్డు, ఒంటిగంటకు క్యారియర్, చీకటి పడ్డాక సబ్బు పొడి, రంపపు పొట్టు కలిపి చేతులు రుద్దుకోవడం. గోళ్ళ అంచున నలుపు ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళినా పోదు. నడుం నొప్పి ఉంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండు గంటలు పని ఆపించేస్తారు. అప్పు బిల్లులు పుస్తకంలో పేరుకుంటాయి. దసరాకు పానాలన్నీ కడిగి, వరసగా పేర్చి, బొట్లు పెట్టి పూజ చేస్తారు.

జాకీ మీద నమ్మకంతో ఎవరినీ బండి కిందికి వెళ్ళనివ్వరు. కింద చెక్క దిమ్మెలు పడ్డాకే మనిషి దూరాలి. టిప్పరు తొట్టి ఎత్తినప్పుడు ఊతం పెట్టాకే చెయ్యి లోపలికి. లాకింగ్ రింగు టైరుకు గాలి కొట్టేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఈ మూడింట్లో ఎవరు తప్పినా ఆ రోజు ఇంటికి పంపించేస్తారు.

రాత్రుళ్ళు ఫోన్లు ఆగవు. డీజిల్ అయిపోయి ఎయిర్ పట్టిన పాత బండి తుని దగ్గర ఆగిపోతే, "ఫిల్టరు మీద చిన్న స్క్రూ వదులు చెయ్, హ్యాండ్ పంపు కొట్టు, బుడగలు పోయి డీజిల్ ఒక్క ధారగా వచ్చాక బిగించు" అని మంచం మీద నుంచే చెబుతారు. అవతల సెల్ఫ్ తిరిగి ఇంజన్ అందుకున్న చప్పుడు వినిపించేదాకా ఫోను పెట్టరు. ఆ సలహాకూ డబ్బు లేదు.

షెడ్డులో ఇప్పుడు నేర్చుకునే కుర్రాళ్ళు తక్కువ. ఐటీఐలో రెండేళ్ళు మెకానిక్ మోటార్ వెహికల్ చదివిన పిల్లలు కంపెనీ సర్వీసు సెంటర్ల వైపు వెళుతున్నారు. అక్కడ నెల తిరిగేసరికి జీతం వస్తుంది. వాళ్ళను తప్పుపట్టలేం. విని, తడిమి, ఆలోచించి చెప్పే విద్యకు విలువ కట్టని చోట పిల్లవాడు ఎందుకు ఉండాలి?

అందుకని లారీ ఓనర్లకు ఒక విన్నపం. బయల్దేరే ముందు గాలి, నీళ్ళు, ఆయిలు, నట్లు చూసుకోవడానికి డ్రైవరుకు అరగంట ఇవ్వండి, ఆలస్యమైందని ఫోనులో కేకలేయకండి. మేస్త్రి ఏమీ విప్పకుండానే జబ్బు చెబితే ఆ మాటకు డబ్బివ్వండి. షెడ్ల వాళ్ళు కూడా బిల్లులో "చూసినందుకు" అని ఒక వరస వేయడం ఈ దసరా నుంచైనా మొదలుపెట్టాలి. మొహమాటం అక్కర్లేదు, అది న్యాయంగా రావాల్సిన కూలీ.