బడిగంట, ఫోనుగంట

బడిలో ఈ రోజుల్లో మోగేవి రెండు గంటలండీ. ఒకటి ప్యూను కొట్టేది, రెండోది పిల్లవాడి సంచీలోంచి వచ్చేది. ఈ రెండోదాన్ని ఆపాలని ఫ్రాన్సు 2018లో చట్టమే చేసింది. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ బళ్ళల్లో పిల్లలకు ఫోను కూడదంది. క్లాసులోకి టీచర్లూ తీసుకెళ్ళకూడదంది. ఆ రెండో మాట నాకు మరీ నచ్చింది. మేస్టారి చేతిలోనే ఫోనుంటే పిల్లవాడికి బుద్ధి చెప్పేదెవరు?

అయితే చిన్న పేచీ ఉంది. 2020లో కరోనాకి బళ్ళు మూతపడితే, పాఠం ఫోనులోనే వినమన్నది పెద్దలే. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది ఆ ప్రభుత్వమే. మరి ఫోను చెడ్డదీ, ట్యాబు మంచిదీనా? ఏదైనా తెరే కదా! దేనికోసం తెరిచామన్న దాంట్లోనే ఉంది తేడా అంతా. ఆ తేడా విడమరిచి చెప్పకుండా వట్టి 'కూడదు' అంటే పిల్లలు వింటారా?

పోనీ, ఆడపిల్ల బస్సెక్కిందో లేదో తల్లికి తెలియొద్దూ? పొద్దున ఆఫీసు గదిలో ఇచ్చి, సాయంత్రం తీసుకుంటే సరిపోతుంది.

ఇక ఇంటి సంగతి. "అమ్మా, ఇవాళ బళ్ళో ఏమయిందో తెలుసా?" అని పిల్ల వస్తే, ఫోనులోంచి తలెత్తకుండా "ఊఁ" అంటే ఎలా? సర్కారు ఉత్తర్వు బడిగేటు దాకానే. మన గుమ్మం లోపల ఉత్తర్వు వెయ్యాల్సింది మనమే, ముందుగా మనకే!