కంకర గుంటల్లో బంగారు తీగ

మనకు బంగారు తీగ అంటే వల, కాటా, కూర. ఇంగ్లండ్‌లో అదే చేప కోసం, వాళ్ళు కార్ప్ అనే దాని కోసం, జనవరి చలిలో గట్టు మీద గుడారం వేసుకుని రాత్రిళ్ళు కాపు కాస్తారు. పడితే తూచి, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. పులుసు ఊసే ఉండదు! వినడానికి వింతే గానీ, ఆ పనితనం చూశాక వెక్కిరించ బుద్ధి కాదు.

లండన్‌కు పడమట కోన్ లోయలో, థేమ్స్ వెంబడి వాళ్ళు ఇలా కాపు కాసే చెరువుల్లో చాలావాటిని చెరువులుగా ఎవరూ తవ్వలేదు. ఇళ్ళకూ రోడ్లకూ ఇసుక, కంకర తోడిన గోతులవి. గోతుల్లో నీరు తోడే పంపులు ఆపగానే ఊట నీరు నిండింది. యంత్రాలు తవ్వింది తవ్వినట్టు, వదిలింది వదిలినట్టు అడుగు మిగిలిపోయింది. ఒకచోట నాలుగడుగుల నీటి కింద కంకర దిబ్బ ఉంటే, పక్కనే పద్దెనిమిది అడుగుల గాడి ఉండొచ్చు.

నీరెంత తేటగా ఉన్నా అంత దూరాన, అంత లోతున కంటికి ఆనేదేమీ లేదు. అందుకే ముందు ఎర లేకుండా విసురుతారు. సాగని అల్లిక దారానికి సీసపు గుండు, దాని పైన బెండు. గుండును మెల్లగా లాగుతుంటే గెడ కొస టకటకా అదిరితే కంకర. నున్నగా జారి వస్తే ఒండ్రు. కదలక మొండికేస్తే నాచు. ఆపిన చోట బెండును కిందికంటా లాగి, దారాన్ని అడుగు చొప్పున వదులుతూ లెక్కపెడతారు. పన్నెండు వదిలాక బెండు తేలిందా, పన్నెండడుగుల లోతు. నచ్చిన చోటు దొరికితే ఆ దూరాన్ని గట్టు మీద పాతిన రెండు పుల్లల చుట్టూ దారం తిప్పి కొలుస్తారు. చీకట్లో విసిరినా గాలం మళ్ళీ అక్కడే పడాలి కదా. నా దృష్టిలో అసలు వేట ఇదే, మిగతాది ఓపిక.

చలికాలంలో చేప మందగిస్తుంది, గుంపుగా ఒకచోటే ఉండిపోతుంది. గుప్పెడు ఎర చల్లితే దండగ, నాలుగు పురుగులు చాలు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు కాబట్టి, పైన మంచు కట్టే రోజుల్లో అడుగు నీరే కాస్త నయం. అలాగని చేప ఎప్పుడూ అడుగునే ఉండదు. ఎండ పొడ తగిలితే నడిమి నీటికి లేస్తుంది. అప్పుడు గాలానికి తేలే నల్ల స్పాంజి ముక్క కట్టి, పొడవాటి దారంతో అడుగు నుంచి పైకి నిలబెడతారు. ఎరే కాని ఆ నల్ల ముక్కను చేప ఎందుకు నోట పెడుతుందో దానికే తెలియాలి.

వసంతంలో ముందు వేడెక్కేది లోతు తక్కువ నీరు. ఉత్తరపు చలిగాలికి చాటుగా, దక్షిణపు ఎండకు ఎదురుగా ఉండే ఉత్తరపు గట్టు వైపు చేపలు చేరతాయి. తెలిసినవాళ్ళు గెడ విప్పకముందే గట్టంతా తిరిగి చూస్తారు.

మే, జూన్‌లలో నీరు వెచ్చబడి, కార్ప్‌లు గుడ్లు పెట్టడానికి ఒడ్డు నాచులో కొట్టుకుంటాయి. ఆ నాలుగు రోజులు మంచి వేటగాళ్ళు గాలాలు చుట్టేస్తారు.