గొంతుతో రాసిన సిద్ధాంత గ్రంథం

శ్రీరాగాన్ని పోల్చుకోవడానికి రసికులకు ‘రి గ రి స’ చాలు. గొంతు రిషభం మీద నిలిచి, గాంధారాన్ని అంటీ అంటనట్టు తాకి, మళ్ళీ రిషభానికి వచ్చి షడ్జంలో దిగుతుంది. కాగితం మీద నాలుగే అక్షరాలు. పాడేటప్పుడు ఆ గాంధారం కాస్త ఎక్కువసేపు నిలిచినా, ఊపు లేకుండా చప్పగా పలికినా రాగం చెడుతుంది. జాన్ బి. హిగ్గిన్స్ పాడిన ‘ఎందరో మహానుభావులు’ రికార్డు పెట్టుకున్నప్పుడల్లా నా చెవి ముందు ఆ ప్రయోగం కోసమే కాచుకుంటుంది. అది రావలసిన చోట వస్తుంది, రావలసినంతే వస్తుంది. అమెరికా మనిషి త్యాగరాజ కృతి పాడాడన్న వింత ఎప్పుడో పాతబడింది. పనితనం మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంది.

ఆ పనితనం ఒక విశ్వవిద్యాలయంలో, పరిశోధక విద్యార్థిగా ఆయన చేసిన కృషిలోంచి వచ్చింది. 1939లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టిన హిగ్గిన్స్ బి.ఏ., ఎం.ఏ., పిహెచ్‌డి మూడూ కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలోనే చేశారు. ఒక సంగీతాన్ని గురించి రాసేవాడు ముందు దాన్ని పాడగలగాలి, వాయించగలగాలి అని లాస్ ఏంజిలిస్‌లో ఆచార్యుడు మాంటిల్ హుడ్ గట్టిగా వాదిస్తున్న కాలం అది. హుడ్ దగ్గర చదివిన రాబర్ట్ బ్రౌన్ మృదంగం నేర్చుకుని, మృదంగం మీదే సిద్ధాంత గ్రంథం రాశారు. ఆయనే వెస్లియన్‌లో కర్ణాటక సంగీతానికి చోటు కల్పించారు. 1962లో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి, మరుసటి ఏడు ఆమె తమ్ముడు, మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్ అక్కడికి పాఠం చెప్పడానికి వెళ్ళారు.

దొరికిన గురువులు ఎటువంటివారో చూడండి. రంగనాథన్ దగ్గర మొదలుపెట్టి, ఫుల్‌బ్రైట్ విద్యార్థిగా మన దేశానికి వచ్చి వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ దగ్గర గాత్రం నేర్చుకుని, ఆ తర్వాత వాళ్ళ అక్కగారు బాలసరస్వతి దగ్గర నాట్య సంగీతం అభ్యసించారు హిగ్గిన్స్. ముగ్గురూ ప్రసిద్ధ వైణికురాలు వీణ ధనమ్మాళ్ మనుమలే. విశ్వనాథన్ కచేరీలో వేణువు దించి, అదే పంక్తిని సాహిత్యంతో పాడి వినిపించేవారు. బాలసరస్వతి అభినయిస్తూ తానే పాడేవారు. ఆ ఇంట్లో వాద్యమైనా నాట్యమైనా గాత్రాన్ని విడిచి ఉండేది కాదు. లయ ఒకరి దగ్గర, రాగం ఒకరి దగ్గర, భావం ఒకరి దగ్గర నేర్చుకున్నా, శిష్యుడికి అందినది ఒకే బాణీ.

ఇక్కడ తెలుగువాళ్ళకు పట్టింపు ఉండాల్సిన సంగతి ఒకటుంది. ధనమ్మాళ్ ఇంటి సంగీతానికి ప్రాణం పదాలు, జావళీలు. వాటిలో పెద్ద భాగం తెలుగువి. కృష్ణాతీరపు మొవ్వ పేరుతో ముడిపడిన క్షేత్రయ్య పదాలు, మద్రాసు జార్జిటౌన్‌లో తెలుగు మాతృభాష కాని ఒక కుటుంబం కంఠంలో అంత పదిలంగా నిలిచాయి. హిగ్గిన్స్ పరిశోధనకు ఎంచుకున్న ఇల్లు అదీ.

పదం పాడటం ఎంత కష్టమైన పనో విన్నంత మాత్రాన తెలియదు. మిశ్రచాపు గాని త్రిపుట గాని, నడక బాగా విలంబం. అక్షరానికీ అక్షరానికీ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీని గమకంతో నింపాలి, కానీ అలంకరణ ఎక్కువైతే మాట మునిగిపోతుంది. నాట్యానికి పాడేటప్పుడు ఇంకో బరువు ఉంది. నాయిక అలకను నర్తకి ఒకసారి కంటితో, ఒకసారి చేతితో, మరోసారి మెడ వాల్చి చూపిస్తుంటే, గాయకుడు ఆ ఒక్క పంక్తినే తిప్పి తిప్పి పాడుతుండాలి. ప్రతి ఆవృత్తికీ సంగతి కొద్దిగా మారాలి. అభినయాన్ని దాటి ముందుకు పోకూడదు, వెనకబడి లాగనూ కూడదు. స్వరలిపిలో ఇవేవీ కనపడవు. నర్తకి పక్కన కూర్చుని పాడి తెలుసుకోవలసిందే. భరతనాట్య సంగీతాన్ని సిద్ధాంత గ్రంథానికి విషయంగా తీసుకోవడంలో హిగ్గిన్స్ సాహసం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఉచ్చారణ గురించీ చెప్పాలి. ఇంగ్లీషు మాట్లాడే నోటికి మన ‘ఓ’కారం నిలవదు, చివరికొచ్చేసరికి ‘ఉ’ వైపు జారుతుంది. మామూలు మాటలో పట్టుబడదు గాని, ‘ఎందరో’లోని చివరి అక్షరాన్ని సాగదీసి పాడినప్పుడు బయటపడిపోతుంది. దంత్యమైన ‘ద’, ఒత్తైన ‘భ’ కూడా వాళ్ళకు కొత్తే. పైగా ఈ పంచరత్న కృతి చరణాల్లో ముందు స్వరం పాడి, అదే ధాతువుకు సాహిత్యం పాడాలి. స్వరం సరిగ్గా కుదిరి మాట కుదరకపోతే రెండూ పక్కపక్కనే పడి తప్పు చెవికి గుచ్చుకుంటుంది. హిగ్గిన్స్ పాటలో ఓకారం ఓకారంగానే నిలుస్తుంది. ఇంకా మెచ్చుకోవలసింది గొంతు పెట్టే తీరు. పాశ్చాత్య గాత్రంలో నిలిపిన ప్రతి స్వరానికీ సన్నని వణుకు, వైబ్రాటో, అలవాటుగా వచ్చేస్తుంది. మన గమకం అలా ఎక్కడపడితే అక్కడ ఉండదు. ఏ స్వరం ఊగాలో, ఏది కదలకుండా నిలవాలో రాగమే చెబుతుంది. ఊపవలసిన చోట ఊపడం ఒక సాధన అయితే, ఊపకూడని చోట ఆపుకోవడం అంతకన్నా పెద్ద సాధన. ఆయన షడ్జ పంచమాలు వినండి, ఎంత నిండుగా, నిశ్చలంగా ఉంటాయో!

తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనలో పాడి ఆయన పెద్దల మెప్పు పొందారు. జనం ‘హిగ్గిన్స్ భాగవతార్’ అని పిలుచుకున్నారు. 1971లో మృదంగ విద్వాంసుడు తిరుచ్చి శంకరన్‌తో కలిసి టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో భారతీయ సంగీత శాఖను నెలకొల్పారు. 1973లో వెస్లియన్ ఆయనకు డాక్టరేట్ ఇచ్చింది. 1978లో అక్కడికే ఆచార్యుడిగా తిరిగి వెళ్ళారు. 1984 డిసెంబరులో ఒక వాహనం ఢీకొని చనిపోయే నాటికి ఆయన వయసు 45 ఏళ్ళే. భరతనాట్య సంగీతం మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం పుస్తకరూపంలో మన దేశంలో అచ్చయింది 1993లో.

శిష్యుడికి డాక్టరేట్ వచ్చిన తర్వాత గురువు విశ్వనాథన్ కూడా అదే వెస్లియన్‌లో రాగాలాపన మీద సిద్ధాంత గ్రంథం సమర్పించారు. అప్పటికే వేదిక మీద పేరు మోసిన విద్వాంసుడు విద్యార్థుల వరసలో నిలబడి పరీక్షకు కూర్చున్నారు. సంగీతంలో పరిశోధన చేస్తున్న మన పిల్లలు ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే బాగుంటుంది. చదివే ముందు మాత్రం ఆ శ్రీరాగ కృతిని ఒకసారి పూర్తిగా వినాలి, తాళం వేసుకుంటూ.